మూసకు తాళం వేసిన అక్క

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఉత్తరాలు తెచ్చే మనిషికి తప్ప ఎవరికీ గుర్తు లేదు. అందరికీ ఆమె తాళాలక్క. నడుముకు తాళాలగుత్తి వేలాడేసుకుని తిరిగే మనిషి కాబట్టి వచ్చిన పేరు కాదది. ఇంటికి ఉన్న ఒక్క తాళంచెవీ చెల్లెలి సంచిలోనే ఉండేది. ఆ పేరు ఆఫీసులో పుట్టి, ఆఫీసు బండి నడిపే డ్రైవరు బాబాయి నోట వీధి దాకా వచ్చి, ఇక వెనక్కి పోకుండా ఇక్కడే కాపురం పెట్టింది.

ఆఫీసంటే మేడలూ మిద్దెలూ ఏం కాదు. మందుల దుకాణం పైన నాలుగు గదులు, ఎక్కితే కిర్రుమనే ఇనుప మెట్లు. ఇల్లు కదలలేని రోగుల ఇళ్ళకు నర్సులను పంపించే సంస్థ అది. నర్సులు ఇంటింటికీ తిరిగి కట్లు మార్చి, సూదులు వేసి, చూసిందీ చేసిందీ అక్కడికక్కడే ఫోనులో ఆఫీసు సైటులోకి ఎక్కిస్తారు. ఆ సైటు అందరిదీ. అందరూ చూస్తారు, అందరూ రాస్తారు. దాన్ని చక్కబెట్టి ఉంచడం తాళాలక్క పని.

ఎదురింటి అత్తయ్యగారికి ఇదంతా అర్థం కాక, అర్థం కానిదాన్ని వదిలిపెట్టడం చేతకాక, ఒకరోజు గేటు దగ్గర నిలేసింది.

"కంప్యూటర్లో కాగితానికి తాళమేమిటే అమ్మాయ్? దానికేమైనా తలుపుందా, గొళ్ళెముందా?"

"మీరు ఇల్లు కట్టినప్పుడు ఇటుకలు పోయించారు కదా అత్తయ్యగారూ. చెక్క మూస ఉంటుంది చూడండి. అందులో మట్టి కొడితే ఏ ఇటుకైనా ఒకేలా వస్తుంది. మా సైటులోనూ అంతే. నర్సు ఒకరింటికి వెళ్ళొస్తే దానికో మూస. మందు మారితే దానికో మూస. ఎవరైనా తిడితే దానికీ ఒకటి."

"తిట్లకి కూడానా!"

"ఫిర్యాదుల మూసండీ. ఏ మూసలో నింపాల్సిన గడులు ఏవేవి ఉండాలో నేను చూస్తాను. ఇటుకలు పోసేవాళ్ళందరూ ఎవరికి తోచినట్టు వాళ్ళు మూసనే చెక్కేస్తుంటే గోడ నిలుస్తుందా చెప్పండి?"

"నిలవదు," అంది అత్తయ్యగారు వెంటనే. "మా మేస్త్రీ చేసిన నిర్వాకం అదే. వెనక గది గోడ చూశావుగా, నెలలు నిండినదానిలా ఉంటుంది."

తాళాలక్క ఆ పనికి కొత్తగా తయారైన మనిషి కాదు. పుట్టుకతోనే అంత. తల్లి పోయేనాటికి తను పెద్ద పరికిణీలో ఉంది, చెల్లెలు ఇంకా చంకలో ఉంది. తండ్రి సరుకు లారీల వెంట ఊళ్ళు తిరిగే గుమాస్తా. ఇంటికి వచ్చేది తక్కువ, వచ్చినప్పుడు నిద్రపోయేది ఎక్కువ. వంటిల్లు పెద్దపిల్ల చేతిలో పడింది. ప్రతి డబ్బా మీదా చీటీ అంటించింది, ప్రతి గుడ్డకూ ఒక మేకు చూపించింది. చెల్లెలేమో పంచదార డబ్బాలో గవ్వలు పోసేది, ఉప్పు డబ్బాలో చచ్చిన సీతాకోకచిలుకను దాచేది. సన్నగా, ఒకచోట కాలు నిలవకుండా తిరుగుతుందని అక్కే దానికి పిట్ట అని పేరు పెట్టింది. తిట్టేది, తిట్టి ఒళ్ళోకి లాక్కుని తల దువ్వేది. పిట్ట చదువు పూర్తయ్యేదాకా అని తన పెళ్ళిమాట పక్కన పెట్టింది. ఆ తర్వాత దాన్ని మళ్ళీ ముందుకు జరిపినవాళ్ళు లేరు. ఆమె కూడా జరుపుకోలేదు.

పిట్ట నర్సు చదివి అదే సంస్థలో చేరింది. అక్క సిఫారసు చేయలేదు. దరఖాస్తు పెట్టినట్టు కూడా ఆమెకు ముందు తెలియదు. అయినా నలుగురూ నాలుగు మాటలు అనుకున్నారు. ఆ మాటలు చెవిన పడ్డ రోజు నుంచీ తాళాలక్క చెల్లెలి దగ్గర కొరడాలా ఉండేది. ఇంకో నర్సు ఆలస్యంగా ఎక్కిస్తే "రేపటి నుంచి చూసుకో తల్లీ" అనేది. పిట్ట ఆలస్యం చేస్తే అందరి ముందూ కడిగేసేది. పిట్ట నవ్వి, "ఇంటికెళ్ళాక నా కాళ్ళు పట్టాలి సుమా, ఈ తిట్లకి" అని చెవిలో గొణిగి పోయేది.

మొదట్లో ఆ సైటులో మూసలను ఎవరైనా మార్చుకోవచ్చు. అక్కడే వచ్చింది చిక్కు. కుక్కంటే హడలిపోయే నర్సు ఒకామె "కుక్క ఉందా? కట్టేశారా?" అని గడి చేర్చింది. ఇంకొకామె జ్వరం గడిలో అంకెలు తీసేసి "ఫర్వాలేదు, వెచ్చగా ఉంది, కాలిపోతోంది" అని పెట్టింది. డ్రైవరు బాబాయి తనకూ హక్కుందని, బండి ఎక్కడ ఆపాలి, ఆపితే ఎవరు తగువుకొస్తారు అని రెండు గడులు పెట్టించుకున్నాడు. తాళాలక్క పొద్దున్నే వచ్చి వాటిని తీసేయడం, మధ్యాహ్నానికి అవి మళ్ళీ మొలవడం. "వీటికి తాళం పడితే గానీ కుదరదు" అని ఆమె రోజూ అనే మాట నుంచే ఆ పేరు పుట్టింది.

వాటన్నిటిలో ఒక్క గడిని మాత్రం ఆమె చూసీ చూడనట్టు వదిలేసింది. సైటులో తల్లి మూస ఒకటి ఉండేది, ఒక్కొక్క బండి తిరిగే దారికి దాని నుంచి పుట్టిన పిల్ల మూస ఒకటి ఉండేది. పిట్ట తిరిగే దారి మూసలో పిట్ట ఒక గడి చేర్చుకుంది. "ఈ మనిషిని ఎలా పలకరించాలి" అని. అందులో ఏం రాసేదంటే, ఫలానా ఆమెకు కూతురి మాట ఎత్తకండి, ఏడుస్తుంది, బీపీ పెరుగుతుంది. ఫలానా ఆయన సూదికి ముందు కసిరేస్తారు, మనల్ని కాదు, సూదిని. పిట్ట సెలవు పెట్టిన రోజు ఆ దారిన వెళ్ళిన నర్సులు ముందు ఆ గడి చదువుకునేవాళ్ళు. చదివి, తామూ ఒక ముక్క రాసేవాళ్ళు.

పిట్ట ఎక్కువ రాసింది దర్జీ తాతగారి గురించి. ఆయన భార్య పోయింది. ఉన్న ఒక్క మనవరాలు పొద్దున్నే దుకాణంలో పనికి పోయి దీపాలు పెట్టే వేళకు వస్తుంది. పగలంతా ఆయన వీధి కిటికీ ముందు కుర్చీలో, పక్క సందులో ఉన్న గుమ్మానికి వీపు పెట్టి, వెలుతురులో ఏదో గుడ్డముక్క సవరిస్తూ కూర్చునేవాడు. కాలి పుండుకు కట్టు మార్చాలి, సూది వేయాలి. చెవులు దాదాపు పోయాయి. మతి ఉన్నట్టుండి జారిపోయేది, అప్పుడు ఇంట్లోకి దొంగలు వచ్చారని వణికేవాడు. పిట్ట రాసింది ఇది: "వెనకనుంచి రావద్దు, ముట్టుకోవద్దు. ముందు వీధిలోంచి కిటికీ దగ్గరికి వెళ్ళి కనపడండి, చెయ్యి ఊపండి. నవ్వాకే లోపలికి. కత్తెర పదునుందా అని అడిగితే చెయ్యి ఇస్తారు." పిట్ట అలా కనపడగానే ఆయన "వచ్చావా బొత్తాం!" అనేవాడట. గుండ్రటి మొహమని ఆ పేరు. పిట్ట ఇంటికొచ్చి అది చెప్పుకుని మురిసిపోయేది.

"అక్క పిట్ట అంటుంది, తాత బొత్తాం అంటాడు. మనిషి అనేవాళ్ళు ఒక్కరూ లేరు నన్ను."

"మనిషిలా ఉంటే అంటారు," అనేది అక్క.

ఇలా ఉండగా ఒకసారి ఎవరో షుగరు గడిని ఇష్టం వచ్చినట్టు మార్చడంతో, పెద్దాసుపత్రికి పంపిన వివరాలన్నీ తారుమారై వెళ్ళాయి. మేనేజరు అక్కడ మాటలు పడి, మొహం కందగడ్డ చేసుకుని వచ్చాడు. వస్తూనే తాళాలక్క బల్ల ముందు నిలబడ్డాడు.

"మూసలన్నీ మూసేయండి. మీరు తప్ప ఎవరూ చెయ్యి పెట్టకూడదు. మీరైనా సరే, తెరవాలంటే నన్ను అడిగే తెరవాలి."

ఆమె ఎన్నాళ్ళుగానో కోరుకుంటున్న మాటే అది. ఆ సాయంత్రం ఇంట్లో పిట్ట కూరగాయలు తరుగుతూ అడిగింది.

"అక్కా, నిజంగానే అన్నీ మూసేస్తున్నావా?"

"అన్నీ."

"నా గడి?"

"నీ గడి, నా గడి అంటూ ఉండవే. అవి ఆఫీసువి."

"సరే, ఆఫీసుదే. ఆఫీసు గడి ఉంటుందా పోతుందా, అది చెప్పు తల్లీ."

"ఉన్నది ఉంటుంది. ఇకనుంచి కొత్తది చేర్చలేరు, ఉన్నది తీయలేరు. తాళమంటే అదే. నీ గడిని నీ తోటివాళ్ళ నుంచి కాపాడుతున్నాననుకో."

"నిజంగా?"

"చెప్పాను కదా."

"నువ్వు చెప్పావంటే చాల్లే," అని పిట్ట తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసింది.

శుక్రవారం మధ్యాహ్నం మేనేజరు కుర్చీ వెనక నిలబడి చూస్తుండగా తాళాలక్క తల్లి మూస తెరిచింది. "దీన్ని మార్చనివ్వాలా?" అని అడిగింది సైటు. వద్దని గుర్తు పెట్టింది. "దీని కింద ఉన్న మూసలన్నిటికీ ఇదే వర్తించాలా?" అని అడిగింది. వర్తించకపోతే దారికొక పిల్ల మూస తెరిచే ఉండిపోతుంది. మేనేజరు వెనకనుంచి "అవునండీ, అన్నిటికీ" అన్నాడు. ఆమె నొక్కింది. చిన్న చక్రం కాసేపు తిరిగి ఆగిపోయింది. మేనేజరు చప్పట్లు కొట్టి, కింద దుకాణంలో ఉన్నవాళ్ళతో సహా అందరికీ టీ తెప్పించాడు. "ఈవిడ లేకపోతే ఈ ఆఫీసు సంతే!" అన్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నలుగురి ముందు ఆమెను మెచ్చుకోవడం అదే మొదటిసారి. డ్రైవరు బాబాయి గ్లాసు ఎత్తి, "మా తాళాలక్క!" అని అరిచాడు. ఆమె మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగింది.

అందరూ టీల దగ్గర ఉండగా, సరిచూసుకుందామని ఆమె ఒక్కొక్క దారి మూసా తెరిచింది. పిట్ట దారి మూసలో ఆ గడి లేదు. పన్ను ఊడిన చోట నాలుక పెట్టినట్టు ఆమె చూపు మళ్ళీ మళ్ళీ అక్కడికే పోయింది. ఏం జరిగిందో వెంటనే అర్థమైంది. తాళం ఒక్కటే కిందికి పోలేదు, తల్లి మూస రూపం మొత్తం కిందికి దిగి పిల్ల మూసల మీద పడింది. తల్లికి లేని గడి పిల్లకూ లేకుండా పోయింది. రాసినవి ఎక్కడికీ పోలేదు, లోపల ఉన్నాయి, కానీ ఎవరి ఫోనులోనూ కనపడవు.

సరిదిద్దడం పెద్ద పనేం కాదు. తాళం తీసి, గడి పెట్టి, తాళం వేయాలి. అంతే. కానీ తీయాలంటే పక్క గదిలోకి వెళ్ళి, గ్లాసులు పట్టుకుని నవ్వుతున్న వాళ్ళ మధ్య నిలబడి, పొరపాటు జరిగిందండీ అని మేనేజరుతో చెప్పాలి. అది కూడా చెల్లెలి గడి కోసం. ఆమె లేచింది. తలుపు దాకా వెళ్ళింది. మేనేజరు ఎవరితోనో ఫోనులో, "మాకిప్పుడు పకడ్బందీగా ఉందండీ" అంటున్నాడు. ఆమె వెనక్కి వచ్చి కూర్చుంది. సోమవారం చెబుదాంలే అనుకుంది.

శనివారం తెల్లారేసరికి పిట్టకు ఒళ్ళు కాలిపోతోంది. ఆఫీసుకు కబురు పెట్టారు. ఆ దారికి కొత్తగా చేరిన నర్సును పంపుతున్నామన్నారు. అక్క తడిగుడ్డ పిండి నుదుటి మీద వేస్తోంది. పిట్ట కళ్ళు మూసుకునే అంది.

"కొత్తమ్మాయి తాతగారింటికి ఇదే మొదటిసారి వెళ్ళడం."

"నర్సే కదా, చూసుకుంటుంది. నువ్వు పడుకో."

"ఫర్వాలేదులే. గడిలో అంతా రాసిపెట్టాను."

అక్క చెయ్యి గుడ్డ మీద ఆగింది. ఆ గడి ఇప్పుడు లేదని ఒక్క మాట చెప్పాలి. పిట్ట ఊపిరి వేడిగా చేతికి తగులుతోంది. లేపి చెబితే ఈ ఒంటితో పరిగెడుతుంది, అనుకుంది. వాకిట్లోకి వెళ్ళి కొత్త నర్సుకు ఫోను చేసింది. మోగి మోగి ఆగింది. బండిలో ఉందేమో. వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చింది. ఫోను కిటికీలో బోర్లించి పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. పొయ్యి తుడిచింది, గట్టు తుడిచింది, గిన్నె తోమింది. మళ్ళీ ఫోను చేయలేదు.

కొత్త నర్సు చెడ్డపిల్ల కాదు. గుమ్మంలో నిలబడి తాతగారూ అని పిలిచింది. గట్టిగా మళ్ళీ పిలిచింది. కుర్చీలో మనిషి కదలలేదు. కళ్ళు తిరిగాయేమోనని కంగారుపడి, లోపలికి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఆయన ఒక్క కేక పెట్టి, తప్పించుకోబోయి, కుర్చీతో సహా పక్కకు కూలిపోయాడు. తుంటి ఎముక విరిగింది.

సోమవారం ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టారు. పిట్ట నీరసంతోనే వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. మేనేజరు ఫోను చూస్తూ చదివాడు.

"మనవైపు లోపమేం లేదు. వెళ్ళిన టైము ఉంది. పడిన టైము ఉంది, ఎవరికి ఫోను చేశారో ఉంది. మూసలో ఒక్క గడి ఖాళీ లేదు. ఎవరడిగినా చూపించుకోవచ్చు."

కొత్త నర్సు ముక్కు ఎగబీలుస్తూ, "నేను పిలిచాను సార్. పలకలేదు. నాకేం తెలుసు సార్," అంది.

"ఎందుకు తెలియదు?" అంది పిట్ట. "వెనకనుంచి ముట్టుకోవద్దని రాశాను కదమ్మా. చదవలేదా?"

"ఎక్కడక్కా? నా ఫోనులో అలాంటిదేం లేదు. మా అమ్మ మీద ఒట్టు."

పిట్ట ఆమె చేతిలోంచి ఫోను తీసుకుంది. పైకి జరిపింది, కిందికి జరిపింది. మళ్ళీ పైకి జరిపింది. తర్వాత తలెత్తి కొత్త నర్సు వైపు చూడలేదు, మేనేజరు వైపు చూడలేదు. అక్క వైపు చూసింది.

"అది సిస్టంలో మార్పు. ఎవరి తప్పూ కాదు," అన్నాడు మేనేజరు.

ఇంటికి వచ్చాక పిట్ట చెప్పులు కూడా విప్పకుండా మెట్ల మీద కూర్చుంది. అక్క టీ పెట్టి తెచ్చి పక్కన పెట్టింది. పిట్ట ముట్టుకోలేదు.

"నీకెప్పుడు తెలిసింది?"

ఇవాళే అనొచ్చు. నీతో పాటే అనొచ్చు. అంటే పిట్ట నమ్ముతుంది, ఇద్దరూ కలిసి మేనేజరును తిట్టుకోవచ్చు, టీ తాగొచ్చు. చిన్నప్పటి నుంచీ దానితో అబద్ధమాడి ఎరగదు. ఇప్పుడు ఆడదామన్నా నోరు రాలేదు.

"శుక్రవారం."

"శుక్రవారమా." అంది పిట్ట. "శనివారం పొద్దున నా నుదుటి మీద గుడ్డ వేస్తున్నావు. గడిలో అంతా రాశాను, ఫర్వాలేదు అన్నాను. విన్నావా, వినలేదా?"

"విన్నాను."

"మరి?"

"ఆ అమ్మాయికి ఫోను చేశానే. ఎత్తలేదు."

"మళ్ళీ చేశావా?"

అక్క చల్లారుతున్న టీ గ్లాసును ఇంకాస్త దగ్గరికి జరిపింది.

"పోనీ నాకు చెప్పొచ్చు కదక్కా. లేచి పోయేదాన్ని. నడవలేకపోతే పాకేదాన్ని."

"అందుకే చెప్పలేదు. నీ ఒళ్ళు పెనంలా ఉంది."

"అందుకే కాదు," అంది పిట్ట మెల్లగా.

అక్క కొంగుతో మెట్టు మీద లేని దుమ్ము తుడిచింది. తుడిచి, "అందుకే కాదు," అంది.

దర్జీ తాతగారు ఆసుపత్రి నుంచి ఇంటికి రాలేదు. కొత్త గది, కొత్త మొహాలు. గొట్టాలు పీకేస్తున్నాడని చేతులు మంచానికి కట్టారు. జీవితమంతా దారమూ సూదీ ఆడిన చేతులు. పిట్ట రోజూ డ్యూటీకి ముందు వెళ్ళి, మంచానికి ఎదురుగా నిలబడి కనపడి, చెయ్యి ఊపేది. మొదట్లో గుర్తుపట్టేవాడు. ఆమె ఉన్నంతసేపూ కట్లు విప్పేవాళ్ళు, వెళ్ళగానే మళ్ళీ కట్టేవాళ్ళు. తర్వాత ఆమెను చూసి కూడా వణకడం మొదలుపెట్టాడు. తాళాలక్క ఒకసారి పళ్ళు కొనుక్కుని వెళ్ళింది. వార్డు గుమ్మంలోంచి ఆ కట్టేసిన చేతులు చూసింది. లోపల అడుగు పెట్టలేక, పళ్ళసంచి కాపలా మనిషి చేతిలో పెట్టి వచ్చేసింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆయన పోయాడు. మనవరాలు ఎవరినీ ఏమీ అనలేదు. ఆయన కుట్టుమిషను మీద కప్పే గుడ్డను పిట్టకు ఇచ్చింది.

ఆ ఇంట్లో అరుపులు లేవు, అలకలు లేవు. పిట్ట అడిగినదానికి జవాబు చెప్పేది, పెట్టింది తినేది. ఎదురింటి అత్తయ్యగారు చెవులు రిక్కించుకుని ఎంత కాచినా ఒక్క పొల్లుమాట దొరకలేదు. ఆ నిశ్శబ్దం చూసే ఆవిడకు భయమేసింది. ఎప్పుడూ వీధి అవతలికి వినపడే పిట్ట నవ్వు వినపడి చాలా రోజులైందని అప్పుడు గుర్తొచ్చింది.

తాళాలక్కకు కావలసింది ఒక్కటే. పిట్ట తనను తిట్టాలి. చిన్నప్పుడు జడ లాగి ఏడిపించినట్టు మీద పడి కొట్టినా సరే. తిడితే ఇక్కడే ఉంటుంది, కొడితే ఇక్కడే ఉంటుంది. ఇలా బుద్ధిగా ఉండటం చూస్తే వెళ్ళిపోయే మనిషిలా ఉంది.

అలాగే అయింది. దూరపు ఊళ్ళో ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందని పిట్ట ఒక పొద్దున చెప్పింది. పెట్టె సర్దుకుంటుంటే అత్తయ్యగారు వచ్చి కూలబడింది.

"ఏమే పిట్టా, జీతం అంత ఎక్కువా?"

"కాస్త ఎక్కువేనండీ."

"కాస్త కోసం అక్కను ఒంటరిగా వదిలేస్తావుటే? తల్లిలా సాకింది!"

"తల్లిలా సాకిందండీ," అని పిట్ట బట్టలు మడతపెడుతూనే ఉంది. అత్తయ్యగారు ఎప్పుడూ లేనిది ఇంకో ప్రశ్న అడగకుండా లేచి వెళ్ళిపోయింది.

అక్క గుమ్మంలో నిలబడి అంతా చూసింది. చివరికి అడిగింది.

"ఇంకా కోపం పోలేదుటే?"

"కోపమైతే తిట్టి ఇక్కడే ఉండేదాన్నక్కా."

"మరెందుకు వెళ్తున్నావు? మేనేజరు కాళ్ళయినా పట్టుకుని గడి పెట్టిస్తాను. నేనే ఆ ఉద్యోగం మానేస్తాను. పోనీ వేరే పోర్షను తీసుకో, ఇదే వీధిలో ఉండు."

పిట్ట పెట్టె పక్కన నేల మీద చతికిలబడింది. "మొన్న ఒకామె కట్టు మారుస్తుంటే నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పుకోబోయింది. నేను ఫోను చూసుకుంటున్నాను. ఉండండమ్మా, ముందు బీపీ రాసుకోనివ్వండి అన్నాను. ఆమె టక్కున ఆపేసింది. అది నీ గొంతక్కా. అచ్చం నీ గొంతు నా నోట్లోంచి వచ్చింది. నీ మీద ప్రేమ లేక కాదు. నాకు భయమేసింది."

అక్క లోపలికి వెళ్ళి ప్రయాణానికి నీళ్ళసీసా నింపింది. నిండి పొర్లుతున్నా చాలాసేపు కుళాయి కట్టలేదు.

పిట్ట వెళ్ళాక తాళాలక్క మేనేజరు గదికి వెళ్ళింది. పొరపాటు తనదేనని, తనకు ముందే తెలుసునని, తల్లి మూసలోనే ఆ గడి పెట్టాలని, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఉద్యోగం పోతుందనుకుంది. ఆయన ఏదో సంతకం చేస్తూ తలెత్తి, "పెట్టండి. దానికేముంది, అప్పుడే చెప్పాల్సింది," అన్నాడు. అంత తేలిక పని. ఆమె తన బల్ల దగ్గరికి వచ్చి తల్లి మూస తెరిచింది.

గడి పెట్టింది. ఈసారి అన్ని దారులకూ పెట్టింది. తాళం వేసింది. ఎవరూ తీయలేరు. కానీ నర్సులకు ఆ అలవాటు తప్పిపోయింది. ఒకామె "మామూలే" అని రాస్తుంది. ఒకామె చుక్క పెడుతుంది. డ్రైవరు బాబాయి మాత్రం తను నర్సులను దింపే ఇళ్ళలోని ముసలివాళ్ళ సంగతులు నోటితో చెబితే, తాళాలక్క విని తనే ఎక్కిస్తుంది. పిట్ట రాసినట్టు రాయాలని చూస్తుంది. ఎంత రాసినా అది మందుచీటీలా వస్తుంది.

ఆదివారాలు పొద్దున పిట్ట ఫోను చేస్తుంది. ఒక్క వారం కూడా తప్పదు.

"తిన్నావా?"

"తిన్నానక్కా. నువ్వు?"

"తిన్నాను. ఒంట్లో బాగుందా?"

"బాగుంది."

"డ్యూటీ?"

"మామూలే."

మొదట్లో ఒకసారి తాళాలక్క ధైర్యం చేసి, "వచ్చే నెల ఒకసారి వచ్చి చూసిపోనా?" అని అడిగింది. "ఇప్పుడు వద్దక్కా. చెబుతాను," అంది పిట్ట. ఆ రోజు ఫోను త్వరగా అయిపోయింది. ఆ తర్వాత అక్క ఆ మాట ఎత్తలేదు. అది ఎత్తకపోతే ఇంకాసేపు మాట్లాడుతుంది. అందుకని ఫోను రాకముందే కుర్చీ వాకిట్లో వేసుకుని, ఏం అడగాలో వెతుక్కుంటూ కూర్చుంటుంది.

"అక్కడ వానలు పడుతున్నాయా?"

"పడుతున్నాయక్కా."

"గొడుగుందా?"

"ఉంది."

"తడవకే," అంటుంది తాళాలక్క. "జ్వరం వస్తుంది" అని అనబోయి, ఆగిపోతుంది.